పసుపు చీటీలో షరతు

మూడోసారి కరెంటు పోయినప్పుడు స్వర్ణకుమారి కుర్చీలోంచి కదలలేదు. వేళ్లు కీబోర్డు మీదే ఉంచి, మెడ మీంచి చెమట జాకెట్టులోకి జారుతుంటే కళ్లు మూసుకుంది. పొద్దున పదింటి నుంచి నలభై ఎనిమిది లింకులు రాసింది. కిందటిసారి కరెంటు పోయినప్పుడు పన్నెండు పోయాయి, వాటిని మళ్లీ రాసింది. ఇప్పుడు ఎన్ని మిగిలాయో కరెంటు వచ్చి మెషీను తెరుచుకుంటే గాని తెలియదు. బ్యాటరీ పెట్టె కొనమని ఆరునెలలుగా అడుగుతూనే ఉంది. వచ్చే నెల చూద్దామని ఆరునెలలుగా చెన్నకేశవరావు చెబుతూనే ఉన్నాడు.

తొంభైతొమ్మిదో సంవత్సరం జూన్ నెల. బెంగాల్లోని ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో చెన్నకేశవరావు తండ్రినాటి బట్టల దుకాణం పైన, ఒకప్పుడు మూటలు వేసుకునే గది అది. పైన రేకులు. రెండేళ్ల కిందట మూటలు కిందికి దించి మూడు కంప్యూటర్లు పెట్టించాడు. పొద్దుట పిల్లలకు పాఠాలు, సాయంత్రం గంటకు అరవై రూపాయల చొప్పున ఇంటర్నెట్. ఈ రెండింటి మధ్యా వెబ్ పేజీల పని. ఆ పనంతా స్వర్ణకుమారిది. నెలకు పన్నెండు వందలు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించి ఆమె కళ్లు తెరిచింది. ముందు చెన్నకేశవరావు, వెనక ఆర్థర్ లోపలికొచ్చారు. ఆర్థర్ తండ్రి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం దొరకలేదు. గల్ఫ్ దేశాలకు మనుషులను పంపే కలకత్తా కంపెనీ ఒకటి అతన్ని ఖరగ్‌పూర్‌కు ఏజెంటుగా పెట్టుకుంది. స్వర్ణ వాళ్ల చర్చికే వస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద ఆడవాళ్లు అతని చుట్టూ మూగుతారు. ఆ కంపెనీ వెబ్‌సైటు తయారుచేసేది ఈ రేకుల గదిలోనే. దరఖాస్తులు కలకత్తాకు వెళ్లేదీ ఇక్కణ్నుంచే. దరఖాస్తుకింత అని చెన్నకేశవరావుకు ముడుతుంది.

ఆర్థర్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. పేజీ నిండా షరతులే కనిపిస్తున్నాయని కలకత్తాలో గొడవ చేస్తున్నారట. ఉద్యోగం పేరు చూసి సంబరపడినవాళ్లు కిందికి వచ్చి షరతు చదవగానే లేచి పోతున్నారట.

"కింద రాసిందంతా తీసీ" అన్నాడు ఆర్థర్. "లింకు మీద బాణం ఆనిస్తే పసుపు చీటీ వస్తాది సూడు, నువ్వే సూపించినావు గదా. దాన్లో పెట్టీ."

స్వర్ణ కీబోర్డు మీంచి చేతులు తీసింది. ఆ పసుపు చీటీ ఆమె ముచ్చటపడి నేర్చుకున్న పని. రెండు నెలల కిందట, కలకత్తా నుంచి తెప్పించుకున్న పుస్తకంలో చదివి పట్టుకుంది. లింకు రాసేటప్పుడు లోపల టైటిల్ అని ఒక మాట చేర్చి దానికెదురుగా ఏదన్నా రాస్తే, చూసేవాళ్లు నీలిరంగు అక్షరాల మీద బాణం నిలిపినప్పుడు ఆ రాత చిన్న పసుపు చీటీలా తేలుతుంది. మొదట్లో పిచ్చిపట్టినట్టు ప్రతి లింకుకూ పెట్టేసింది. 'మా చిరునామా' అన్న లింకు మీద చీటీలో మళ్లీ 'మా చిరునామా' అనే వచ్చేది. చూసి తనకే నవ్వొచ్చింది. ఉన్న మాటనే మళ్లీ చెప్పే చీటీ ఎందుకని అలాంటివన్నీ తీసేసింది. నొక్కితే ఏం తెరుచుకుంటుందో పేరును బట్టి తెలియని చోట మాత్రమే ఉంచింది. తండ్రి కృపారావును తీసుకొచ్చి చూపించింది కూడా. ఆయన రైల్వే వర్క్‌షాపులో ముప్పైనాలుగేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని చూసి బాగుందన్నాడు. ఆ రోజే ఆర్థర్‌కూ చూపించింది. అప్పుడు అతను రెండు మూడుసార్లు తనే బాణాన్ని అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు. ఎందుకంత శ్రద్ధగా చూశాడో ఇప్పుడు తెలిసింది.

"ఆర్థర్ అన్నా, చీటీ అందరికీ రాదు" అంది. "ఆ మూలనున్న మెషీన్లో పేజీలు సూపించీది నెట్‌స్కేప్, దాన్లో అసలుకే రాదు. వచ్చిన దాన్లోనూ ఐదు సెకన్లుంటాది, పోతాది. ఇంత పొడుగు షరతు సగం సదివీసరికి మాయమైపోతాది. ప్రింటు తీస్తే కాగితం మీద ఉండనే ఉండదు. అది ఓ చిన్న మాట సాయానికి పెట్టుకునీది, ఇసువంటి వాటికి కాదు."

"ఉంటాది గదా. ఉంటే సాలు" అన్నాడు ఆర్థర్.

చెన్నకేశవరావు రుమాలుతో మొహం తుడుచుకుంటూ, సంతలో బేరం తెగ్గొట్టినట్టు తెగ్గొట్టాడు. "మనం రాసినామా, రాసినాం. సదువుకుంటారా మానీస్తారా, అది ఆల ఇష్టం. కంపెనీ వాడు ఏటి పెట్టమంటే అది పెట్టు, స్వర్ణా. పేజీకి డబ్బిచ్చీది ఆడు, నువ్వూ నేనూ కాదు."

కరెంటు వచ్చింది. ఆమె ఆ మధ్యాహ్నం ఇరవై రెండు ఉద్యోగాల కింద నుంచి షరతులు తీసి, ఇరవై రెండు టైటిళ్లలోకి ఎక్కించింది. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యం అన్నింటికీ ఒకటే. యజమాని అవసరాన్ని బట్టి అభ్యర్థిని ఇంటిపనికి మార్చవచ్చు, అప్పుడు ఇంటిపని జీతమే ఇస్తారు, రెండేళ్ల గడువు తీరేవరకు పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుంది. చివరికి పేజీ తెరిచి చూసుకుంది. తెల్లగా, శుభ్రంగా ఉంది. హాస్పిటల్ అటెండెంట్, మస్కట్. కాంటీన్ హెల్పర్, దోహా. నీలిరంగులో, కింద గీతలతో, ఉద్యోగాలు వరసగా మెరుస్తున్నాయి.

*

సుజాతమ్మ వచ్చింది జూలై మొదటివారంలో. పూరీ గేట్ పేటలో స్వర్ణ వాళ్లు అద్దెకుంటున్న ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది. ముప్పైనాలుగేళ్లుంటాయి. మొగుడు టాటానగర్‌లో పనుందని వెళ్లి ఎనిమిదేళ్లయింది. పోయాడో, ఇంకో ఇల్లు పెట్టుకున్నాడో అని ఆరా తియ్యడం కూడా ఆమె మానేసింది. తల్లి ఎలీసమ్మ పొద్దున్నే రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఇడ్లీలు అమ్ముతుంది. సుజాతమ్మ ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో ఆయా. పన్నెండు గంటల డ్యూటీకి నెలకు ఏడువందలు.

ఆ పని అంటే ఆమెకు చిన్నతనం లేదు. మంచాన పడ్డ మనిషిని ఒళ్లు పుండు పడకుండా ఎలా పక్కకు తిప్పాలో, విరిగిన తుంటికి నొప్పి కలగకుండా దుప్పటి ఎలా మార్చాలో తనకు వచ్చినట్టు ఆ నర్సింగ్‌హోమ్‌లో ఇంకెవరికీ రాదని గర్వంగా చెప్పుకునేది. స్వర్ణ తల్లి చివరి రోజుల్లో నాలుగు నెలలు మంచంలో ఉంటే, డ్యూటీ దిగి వచ్చి రోజూ ఆమె ఒళ్లు తుడిచిపోయింది సుజాతమ్మే. తల్లి వీపు మీద ఒక్క పుండు లేకుండా సాగనంపామంటే అది ఆమె చలవ. స్వర్ణ ఎన్నడూ ఆ మాట మరచిపోలేదు.

పాస్‌పోర్టు సైజు ఫోటోలు చిన్న పర్సులో పెట్టుకుని, నూనె రాసి దువ్విన తలతో వచ్చింది. మస్కట్‌లో హాస్పిటల్ ఉద్యోగం, ఎనభై రియాళ్లు, మన డబ్బులో తొమ్మిదివేల చిల్లర అని ఆర్థర్ చెప్పాడట. కాగితం ఒకటి ప్రింటు తీసిమ్మంది. తల్లికి చూపించాలి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాలి.

"రోగం ఏ దేశంలోనైనా రోగమే గదా స్వర్ణా" అంది నవ్వుతూ. "నా సేతుల్లో పనుంది. భాష రాకపోతే మాత్రం ఏటి, మంచం మీదున్నోడికి నా సెయ్యి తెలుస్తాది."

ప్రింటు పది రూపాయలు. స్వర్ణ ఆమె దగ్గర డబ్బు తీసుకోలేదు. ప్రింటరు కీచుమంటూ కాగితం బయటికి తోస్తోంది. హాస్పిటల్ అటెండెంట్, మస్కట్. కింద గీత. ఆ గీత కింద తెల్లకాగితం. షరతు సంగతి చెబుదామని స్వర్ణ తలెత్తింది. ఎదురు బల్ల దగ్గర చెన్నకేశవరావు రసీదు పుస్తకం తిరగేస్తున్నాడు. పక్కన ఆర్థర్ కూర్చుని ఉన్నాడు. 'మార్చవచ్చు' అనే కదా ఉంది, తప్పకుండా మారుస్తారని ఏముంది అని స్వర్ణ తనకు తను చెప్పుకుంది. అందరికీ అలా జరుగుతుందా అని కూడా చెప్పుకుంది. కాగితం మడిచి సుజాతమ్మ చేతికిచ్చింది.

ఆదివారం నాటికి ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లింది. అప్పటికే సుజాతమ్మ నర్సింగ్‌హోమ్‌లో పని మానేసి వచ్చింది. ట్రంకు పెట్టె తెరిచి చీరలు సర్దుతోంది. షరతులేవో ఉంటాయి, ఆర్థర్‌ను ఓసారి గట్టిగా అడిగి చూడమని స్వర్ణ అంది. అడిగాననీ, అన్నీ కాగితంలో ఉన్నట్టే జరుగుతాయని దేవుని సాక్షిగా చెప్పాడనీ సుజాతమ్మ అంది. స్వర్ణ టీ తాగి లేచొచ్చింది. అంతకంటే స్పష్టంగా ఆమె ఏమీ చెప్పలేదు. ఎన్నిసార్లు తలచుకున్నా అది అంతే. చెప్పగలిగి ఉండీ చెప్పలేదు.

ఆగస్టు పదో తేదీన సుజాతమ్మ రైలెక్కింది.

*

సుజాతమ్మ ఉత్తరం అక్టోబరు నెలాఖరులో వచ్చింది. మస్కట్‌లో పక్కింటి కారు నడిపే మలయాళీ అతను దయతలచి పోస్టులో వేశాడట. సబ్బుపెట్టె అట్ట విప్పి, లోపలి వైపు పెన్సిలుతో రాసింది. ఎలీసమ్మకు చదువు రాదు. ఇడ్లీల గిన్నెలు కడిగి అరుగు మీద బోర్లించి, అట్ట పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం స్వర్ణ వాళ్లింటికొచ్చింది. గుమ్మంలో కూర్చుని, చదవమంది.

హాస్పిటల్ లేదు. పదకొండుమంది ఉన్న మూడంతస్తుల ఇల్లు. తెల్లవారకముందు లేచి, పెద్దవాళ్లు, పిల్లలు, చుట్టాలు అందరూ పడుకున్నాక పడుకోవాలి, నిద్ర నాలుగైదు గంటలే. ఇస్త్రీ చేసే గదిలో బల్ల కింద పడక. జీతం నలభై రియాళ్లన్నారు, రెండు నెలలకు ఒక నెలది ఇచ్చారు. పాస్‌పోర్టు అయ్యగారి బీరువాలో ఉంది. ఇంటికి పంపమంటే అమ్మగారు ఒక కాగితం చూపించి, నువ్వు ఒప్పుకునే వచ్చావంటోంది. వేడినీళ్లు పడి ఎడమచెయ్యి కాలింది, తగ్గుతోంది, బెంగపడొద్దు. ఆఖర్న ఇలా రాసింది: 'స్వర్ణని అడుగు అమ్మా. ఆ పిల్లకి ఇంగ్లీషు వచ్చు. నేను ఏటి ఒప్పుకున్నానో సూసి సెప్పమను.'

స్వర్ణ ఆ ఆఖరి మాటలు పైకి చదవలేదు. అట్ట మడవబోయింది. ఇంకేం రాసిందని ఎలీసమ్మ అడిగింది. బెంగపడొద్దని రాసిందని స్వర్ణ చెప్పింది.

మర్నాడు ఎలీసమ్మ గోల్‌బజార్‌కు వచ్చింది. తోడు కృపారావు వచ్చాడు. ఆర్థర్ వాళ్లను చూసి లేచి నిలబడి, పెద్దమ్మకు కుర్చీ వెయ్యమన్నాడు. మర్యాదలో లోటు చెయ్యలేదు. ఉత్తరం సంగతి విని తల పంకించాడు. కంపెనీ ఎక్కడా దాపరికం చెయ్యలేదని, మీ కళ్లతో మీరే చూసుకోవచ్చని, స్వర్ణ ముందున్న తెరను వాళ్లవైపు తిప్పాడు. తనే మౌస్ పట్టుకుని బాణాన్ని నీలి అక్షరాల మీదికి తెచ్చి నిలిపాడు. పసుపు చీటీ తేలింది.

"ఇదిగో పెద్దమ్మా. ఇంటిపనికి మారుస్తారని ఉంది. పాస్‌పోర్టు ఆల దగ్గరుంటాదని ఉంది. మేం సెప్పలేదంటే ఎలాగ?"

చీటీ మాయమైంది. ఎలీసమ్మ రొండిన దోపుకున్న సంచి విప్పి, నాలుగు మడతల కాగితం తీసింది. జూలైలో స్వర్ణ ప్రింటు తీసిచ్చిన కాగితమే. ఒళ్లో పరిచి, తెర మీద ఆర్థర్ బాణం నిలిపిన గీత ఎక్కడుందో చూసుకుని, కాగితం మీద ఆ గీతను వెతికి పట్టుకుంది. ఇడ్లీ రేకుల మీద కాలి మొద్దుబారిన చూపుడువేలు దాని మీద ఆనించింది. ఆనించి, కదపకుండా ఉంచింది. వేలు కొంచెం పక్కకు జరిపి మళ్లీ ఆనించింది.

"ఇక్కడ రాలేదు బాబూ."

"కాగితం మీద రాదు పెద్దమ్మా. కంప్యూటర్లో సూసుకోవాల."

"నా కూతురికి నువ్విచ్చింది కాగితమే గదా. కంప్యూటర్ ఇచ్చినావేటి?"

ఆర్థర్ మొహం మొదటిసారి ఎర్రబడింది. అతను కృపారావు వైపు చూసి, చూపు స్వర్ణ మీదికి తిప్పాడు. "నన్నంటారేటి. రాసింది ఎవులు? ఈ అమ్మాయే. తన సేత్తో రాసింది. అడుగు."

ఎలీసమ్మ తలతిప్పి చూసింది. ఆ కళ్లలో కోపం ఉంటే స్వర్ణ భరించగలిగేదేమో. కాదని చెబుతుందన్న ఆశ ఉంది.

"నీకు తెలుసునా అమ్మీ?"

"తెలుసు పెద్దమ్మా."

ఎలీసమ్మ కాగితాన్ని ఉన్న మడతల్లోనే మళ్లీ మడిచింది. సంచిలో పెట్టుకుని, కృపారావు చెయ్యి అందించినా తీసుకోకుండా, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

*

తర్వాతి ఆదివారం చర్చిలో ఎలీసమ్మ ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చోలేదు. వెనక వరసకు వెళ్లింది. స్వర్ణ పక్కన ఆ చోటు ఆరాధన అయ్యేవరకు ఖాళీగానే ఉంది.

మస్కట్‌లో మన ఎంబసీకి స్వర్ణ ఉత్తరం రాసింది. కృపారావు వర్క్‌షాపులో యూనియన్ పనుల మీద తిరిగిన రోజుల్లో తెలిసినవాళ్లను పట్టుకుని ఫ్యాక్సు కూడా పంపించాడు. పాస్టరుగారు సంతకం చేశారు. జవాబు రాలేదు. స్వర్ణ రోజూ పనికి వెళ్లివస్తూనే ఉంది, అన్నం ముందు కూర్చుని లేచిపోతూ ఉంది. తన మీద తనకు అసహ్యం మొదట. ఆ అసహ్యాన్ని పట్టుకు కూర్చుంటే ఆర్థర్ హాయిగా ఉంటాడని, చెన్నకేశవరావు హాయిగా ఉంటాడని, కలకత్తాలో మొహం కూడా తెలియని ఆ పెద్దమనుషులు ఇంకా హాయిగా ఉంటారని ఆమెకు మెల్లగా అర్థమైంది. మోసం చెయ్యాలనుకున్నవాళ్లలో ఒక్కడి చేతికీ సిరా అంటలేదు. అంటింది తన చేతికి. పన్నెండు వందల జీతగత్తెను ముందు నిలబెట్టి, రాసింది ఇదే అని వేలు చూపించే వీలు వాళ్లు ముందే చేసుకున్నారు. అది తట్టాక ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కృపారావు ఒకరోజు కూతురు కంచం తోసేసి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తను పనిచేసిన వర్క్‌షాపులో ఒక కోత మిషన్ ఉండేదని చెప్పాడు. దాని దగ్గర అప్పటికి ఇద్దరికి వేళ్లు పోయాయి. రెండోవాడికి పోయినప్పుడు, జాగ్రత్తలన్నీ రాసే ఉన్నాయని ఫోర్‌మన్ తన గదిలో సొరుగులోంచి పుస్తకం తీసి చూపించాడు. ఆ పూట నుంచి వర్క్‌షాపులో ఎవరూ ఆ మిషన్ ముట్టుకోలేదు.

"నాల్రోజులు ముట్టుకోనేదు" అన్నాడు. "ఐదోరోజున మిషన్ మీదే ఎర్రరంగుతో రాయించినారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. సెయ్యి పెట్టీ సోట రాయాలి గాని సొరుగులో రాస్తే, అది రాసినట్టు కాదు. నువ్వు రాసింది సొరుగులో. తప్పు నీదీ ఉంది. ఇప్పుడు ఏటి సేస్తావు, అది సూడు."

స్వర్ణ కంచం దగ్గరికి లాక్కుని అన్నం తింది.

*

నవంబరు రెండోవారంలో కలకత్తా నుంచి కొత్త జాబితా వచ్చింది. పద్దెనిమిది ఉద్యోగాలు. హాస్పిటల్, స్కూలు కాంటీన్, ఆఫీసులో టీ ఇచ్చే పని. అన్నింటి కిందా అదే షరతు. సాయంత్రానికి పేజీ ఎక్కాలని ఆర్థర్ చెప్పాడు. కబురు ఊళ్లోకి ముందే వెళ్లిపోయింది. మూడు గంటలకల్లా గోడ పక్క బల్ల మీద ఆరుగురు ఆడవాళ్లు ఫోటోలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. నలుగురు తెలుగువాళ్లు, ఒక ఒడియా ఆమె, పక్కనున్న నింపురా పేట నుంచి వచ్చిన హిందీ మాట్లాడే పిల్ల.

స్వర్ణ పని పూర్తి చేసేసరికి నాలుగయింది. చెన్నకేశవరావు వచ్చి భుజం మీంచి తెర చూశాడు. ప్రతి ఉద్యోగం కిందా, ఆ ఉద్యోగం పేరు ఎంత అక్షరాల్లో ఉందో అంత అక్షరాల్లో షరతు ఉంది. మౌస్ లాక్కుని ఒక లింకు మీద బాణం నిలిపాడు. ఏమీ రాలేదు. ఇంకోదాని మీద నిలిపాడు.

"టైటిల్లు ఏవి?"

"పెట్టనేదు సార్."

"మరి పెట్టు. కిందున్నది తీసి దాన్లో పెట్టు. కరెంటు పోకముందు పంపించాలి."

"పెట్టను."

ఆమె గట్టిగా అనలేదు. అయినా బల్ల మీది ఆడవాళ్లు ఇటు చూశారు. చెన్నకేశవరావు వాళ్లకు వినబడకూడదన్నట్టు వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. తన కూతురులాంటిదనుకున్నానన్నాడు. బి.ఎ. పాసై ఇంట్లో కూర్చున్న పిల్లను పిలిచి పని నేర్పించానన్నాడు. రేపు ఈ కుర్చీలో కూర్చోడానికి పదిమంది వస్తారన్నాడు. అన్నీ నిజమే. స్వర్ణ అన్నీ విన్నది.

"వస్తారు సార్. ఆల సేత రాయించుకోండి. నా సేత్తో మాత్రం ఇంక సొరుగులో రాయను. ఉద్యోగం ఏదో, అది పైకే రాస్తాను. పైకి రాయడానికి పనికిరాని ఉద్యోగమైతే ఈ పేజీలోకే రాకూడదు."

ఆర్థర్ లేచొచ్చాడు. చెన్నకేశవరావు ఇంక గొంతు తగ్గించలేదు. లేచి పొమ్మన్నాడు. ఆమె లేచింది, కానీ తలుపు వైపు వెళ్లలేదు. బల్ల వైపు తిరిగి, ఈ ఉద్యోగాలకు ఒక షరతుందని, అది ఇంగ్లీషులో ఉందని, తెలుగులో చెబుతానని అంది. చెన్నకేశవరావు చెయ్యి చాచి మెషీను స్విచ్ ఆపేశాడు. ఆమెకు తెర అక్కర్లేదు. ఐదు నెలల్లో ఎన్నిసార్లు తన వేళ్లతో కొట్టిన వాక్యమో అది. తెలుగులో ఒకసారి చెప్పింది, హిందీలో ఒకసారి చెప్పింది. సుజాతమ్మ ఉత్తరంలో ఏం రాసిందో చెప్పింది. ఆ షరతు ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా రాసింది తనేనని కూడా చెప్పింది.

నింపురా పిల్ల ముందు లేచింది. ఫోటోలు పర్సులో వేసుకుని ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగింది. ఆమె వెనక ఇంకొకామె వెళ్లింది. మిగిలిన నలుగురూ కదలలేదు. వాళ్లు కూర్చునే ఉండడం చూసి ఆర్థర్ ఊపిరి పీల్చుకున్నాడు. దరఖాస్తు ఫారాలు, పెన్ను తీసుకుని బల్ల చివరనున్న వరలక్ష్మి దగ్గరికి వెళ్లాడు. ఆమె గోల్‌బజార్‌లోనే ఒక కిరాణా దుకాణం వెనక బియ్యంలో రాళ్లు ఏరుతుంది. రోజుకు పాతిక రూపాయలు. ఆర్థర్ ఫారం మీద పేరు రాసి, ఉద్యోగం అన్నచోట హాస్పిటల్ అని పైకి అంటూ రాసి, వేలిముద్ర కోసం ఆమె ముందు పెట్టాడు.

వరలక్ష్మి ఫారం వైపు చూడలేదు. స్వర్ణను చూసి అడిగింది. "ఆ ఇళ్లల్లో పడుకోడానికి ఎన్ని గంటలు ఒగ్గుతారు?"

"నాలుగో ఐదో అని రాసింది."

వరలక్ష్మి వేళ్ల మీద లెక్కవేసుకుంది. తర్వాత ఫారం తీసుకుని ఆర్థర్ వైపు తిప్పిపెట్టింది.

"నాను ఎల్తాను బాబూ. నాకు ఎల్లక తప్పదు" అంది. "గాని నువ్వు రాసింది కొట్టీ. హాస్పిటలని రాసి నన్ను ఇంటిపనికి తోలొద్దు. ఇంటిపనికైతే ఇంటిపనని రాయి. జీతం ఎంతో అదీ రాయి. పాస్‌పోర్టు నా దగ్గరుంటాదని రాయి. అవి రాసినాక నా ఏలు ముద్ర తీసుకో."

అలా రాయడం కుదరదని ఆర్థర్ అన్నాడు. కుదిరేదాకా ఇక్కడే ఉంటానని ఆమె అంది. పక్కనున్న ఒడియా ఆమె ఏమైందని అడిగితే స్వర్ణ వెళ్లి ఆమె పక్కన కూర్చుని హిందీలో చెప్పింది. ఆమె విని, వచ్చీరాగానే వేలిముద్ర వేసిచ్చిన తన ఫారాన్ని ఆర్థర్ చేతిలోని కట్టలోంచి వెతికి లాక్కుంది.

చెన్నకేశవరావు కింద దుకాణంలోని గుమాస్తాను కేకవేశాడు. ఎవరూ పైకి రాలేదు. మూత తీసిన పెన్ను వేళ్ల మధ్య పట్టుకుని, మొదట ఎవరి కాగితం అడగాలో తెలియక, ఆర్థర్ ఆ బల్ల ముందు నిలబడి ఉన్నాడు.